గోడ చాటు మనిషి వినిపిస్తాడు, కనిపించడెందుకు?

ఆరుబయట ఒక పొడవాటి గోడ. అవతల మనిషి నిలబడి మాట్లాడుతుంటే ఇవతల ఉన్నవారికి మాట వినిపిస్తుంది, మనిషి కనిపించడు. రోజూ జరిగేదే కాబట్టి దీన్ని ఎవరూ వింతగా చూడరు. కానీ ధ్వని తరంగం, కాంతి కూడా తరంగమే అని పాఠం చదివాక మాత్రం ఇది వింతే. రెండూ తరంగాలైనప్పుడు ఒకటి గోడ అంచు దగ్గర ఒంగి ఇవతలికి రావడమేమిటి, రెండోది వెనక నీడ వదిలేసి తిన్నగా పోవడమేమిటి? చిన్నపిల్లల ప్రశ్నలా ఉంది గానీ, ఐజాక్ న్యూటన్ అంతటివాడు కాంతి తరంగం కాదని వాదించడానికి ఇలాంటి ప్రశ్ననే ఆధారం చేసుకున్నాడు. పరావర్తనం, వక్రీభవనం, ఇంద్రధనుస్సు, ఆకాశపు నీలం అంటూ ఒక్కో పాఠాన్ని విడివిడిగా గుర్తుపెట్టుకునే బదులు ఈ ఒక్క ప్రశ్న వెంట నడిస్తే, మిగతావి చాలావరకు వాటంతటవే విడిపోతాయి.

కదిలేది ఏమిటి?

నిలకడగా ఉన్న నీటిలో రాయి వేస్తే అలలు వలయాలుగా ఒడ్డుకు వస్తాయి. ఆ నీటి మీద ఒక బెండు ముక్క తేలుతుంటే, అల కిందుగా పోయేటప్పుడు అది పైకి లేచి దిగుతుంది, కాస్త ముందుకూ వెనక్కూ ఊగుతుంది. అలతో పాటు ఒడ్డుకు మాత్రం కొట్టుకురాదు. అంటే రాయి పడ్డచోటి నీరు ఒడ్డుకు రాలేదు. వచ్చింది కదలిక, ఆ కదలికలోని శక్తి. పదార్థాన్ని వెంట తీసుకుపోకుండా శక్తిని మాత్రం చేరవేసేది తరంగం.

అలలో ఎత్తైన చోటు శృంగం, లోతైన చోటు ద్రోణి. ఒక శృంగం నుంచి పక్క శృంగానికి ఉన్న దూరం తరంగదైర్ఘ్యం. ఒకేచోట నిలబడి లెక్కపెడితే సెకనుకు ఎన్ని అలలు దాటిపోతాయో అది పౌనఃపున్యం, దాన్ని హెర్ట్జ్‌లలో చెబుతారు. మామూలు మట్టం నుంచి శృంగం ఎంత ఎత్తు లేచిందో అది కంపన పరిమితి. ధ్వనిలో కంపన పరిమితి పెరిగితే శబ్దం బిగ్గరవుతుంది, పౌనఃపున్యం పెరిగితే స్వరం కీచుగా మారుతుంది. కాంతిలో మొదటిది వెలుగు తీవ్రతకు, రెండోది రంగుకు సంబంధించినవి.

పాఠాల్లోని బొమ్మలు ఇక్కడ కొంత చెరుపు చేస్తాయి. కాంతిని పాములా మెలికలు తిరిగిన గీతగా గీస్తారు. అది చూసి కాంతి నిజంగానే వంకర్లు పోతూ ప్రయాణిస్తుందని పిల్లలు అనుకుంటారు, పెద్దయ్యాక కూడా చాలామందికి ఆ ఊహ పోదు. ఆ గీత దారి కాదు, గ్రాఫ్. కాంతి పోయే దారి పొడవునా ఏ బిందువు దగ్గర విద్యుత్ క్షేత్రం ఎంత బలంగా ఉంది, ఏ వైపుకు ఉంది అన్నదే ఆ మెలికలు చెప్పేది. ధ్వని బొమ్మతోనూ ఇదే చిక్కు. గాలిలో ధ్వని సాగుతున్నప్పుడు గాలి అణువులు పైకీ కిందికీ ఊగవు, ధ్వని వెళ్లే దిశలోనే ముందుకూ వెనక్కూ కదులుతాయి. అవి ఒత్తుకున్న చోటు సంపీడనం, పలచబడిన చోటు విరళీకరణం. గ్రాఫులో ఎత్తుపల్లాలుగా కనిపించేది ఆ పీడనంలోని తేడా. ఇలా తన దిశలోనే ఊగే తరంగం అనుదైర్ఘ్య తరంగం. కాంతిలో ఊగేవి విద్యుత్, అయస్కాంత క్షేత్రాలు. అవి కాంతి వెళ్లే దిశకు అడ్డంగా ఊగుతాయి కాబట్టి కాంతి తిర్యక్ తరంగం.

ధ్వనికి యానకం, అంటే తాను సాగిపోవడానికి ఏదో ఒక పదార్థం కావాలి, ఎందుకంటే ఒత్తుకోవడానికి అణువులుండాలి. గాలి తీసేసిన గాజు జాడీలో గంట మోగుతుంటే ఆ మోత బయటికి దాదాపు వినిపించదు, గంట మాత్రం కనిపిస్తూనే ఉంటుంది. కాంతికి యానకం అక్కర్లేదు. మారుతున్న విద్యుత్ క్షేత్రం అయస్కాంత క్షేత్రాన్ని పుట్టిస్తుంది, మారుతున్న అయస్కాంత క్షేత్రం మళ్లీ విద్యుత్ క్షేత్రాన్ని పుట్టిస్తుంది. ఇలా ఒకదాన్నొకటి నిలబెట్టుకుంటూ అవి శూన్యంలోనూ సాగిపోతాయి. 1860లలో జేమ్స్ క్లెర్క్ మాక్స్‌వెల్ ఈ తరంగాల వేగాన్ని కాగితం మీద లెక్కకడితే, అది అప్పటికే ప్రయోగాల్లో కొలిచిన కాంతి వేగంతో సరిపోయింది. కాంతి విద్యుదయస్కాంత తరంగమేనని ఆయన తేల్చింది ఆ పోలిక చూసే.

కొలతల్లోనే ఉంది కిటుకు

వేగం = పౌనఃపున్యం × తరంగదైర్ఘ్యం. సెకనుకు దాటిపోయే అలల సంఖ్యను ఒక్కో అల పొడవుతో గుణిస్తే, ఆ సెకనులో అల ఎంత దూరం పోయిందో వస్తుంది. ఇందులో బట్టీ పట్టాల్సిందేమీ లేదు.

20 డిగ్రీల సెల్సియస్ దగ్గర గాలిలో ధ్వని వేగం సెకనుకు సుమారు 343 మీటర్లు. కాబట్టి 343 హెర్ట్జ్‌ల స్వరానికి తరంగదైర్ఘ్యం సరిగ్గా ఒక మీటరు. మనిషి చెవి సుమారు 20 హెర్ట్జ్‌ల నుంచి 20,000 హెర్ట్జ్‌ల వరకు వింటుంది. అంటే వినిపించే తరంగాలు 17 మీటర్ల పొడవు నుంచి 1.7 సెంటీమీటర్ల పొడవు దాకా ఉంటాయి. గోడలు, తలుపులు, కిటికీలు, మనుషులు అన్నీ ఇంచుమించు ఈ కొలతల్లోనివే.

కాంతి సంగతి వేరు. శూన్యంలో దాని వేగం సెకనుకు 29,97,92,458 మీటర్లు, అంటే దాదాపు 3 లక్షల కిలోమీటర్లు. (1983 నుంచి మీటరును ఈ సంఖ్యతోనే నిర్వచిస్తున్నారు కాబట్టి ఇక ఎంత కచ్చితంగా కొలిచినా ఈ అంకెలు మారవు.) ఆకుపచ్చ కాంతి పౌనఃపున్యం సెకనుకు సుమారు 540 లక్షల కోట్లు. భాగించి చూస్తే తరంగదైర్ఘ్యం 555 నానోమీటర్ల దగ్గర వస్తుంది (మిల్లీమీటరులో పది లక్షల వంతు ఒక నానోమీటరు). ఒక మిల్లీమీటరులో అలాంటి అలలు 1,800 పడతాయి. కంటికి కనిపించే కాంతి మొత్తం ఊదా చివర సుమారు 400 నానోమీటర్లు, ఎరుపు చివర సుమారు 700 నానోమీటర్లు. చెవి వినే పౌనఃపున్యాల్లో చిన్నదానికీ పెద్దదానికీ వెయ్యి రెట్ల తేడా ఉంటే, కంటికి దక్కింది రెండు రెట్లు కూడా కాదు. లోకంలోని రంగులన్నీ ఆ కాస్త మేరలోనే ఉన్నాయి.

ఇప్పుడు గోడ దగ్గరికి రావచ్చు. తరంగానికి అడ్డు గానీ సందు గానీ ఎదురైనప్పుడు, దాని వెడల్పును తరంగదైర్ఘ్యంతో పోల్చి చూడాలి. సందు వెడల్పు తరంగదైర్ఘ్యానికి దగ్గరగా ఉంటే అల దాన్ని దాటాక విసనకర్రలా అన్ని వైపులా విప్పారుతుంది. సందు ఎన్నో రెట్లు పెద్దదైతే అల దాదాపు తిన్నగా పోతుంది, అంచుల దగ్గర అతి కొంచెం ఒంగుతుంది. ఇలా ఒంగి విప్పారడాన్ని వివర్తనం అంటారు. మీటరు పొడవున్న మాట తరంగానికి గోడ అంచు, తలుపు సందు తన కొలతలోనివే, కాబట్టి ఒంగి వస్తుంది. అదే తలుపు కాంతి తరంగం కన్నా పది లక్షల రెట్లకు పైగా వెడల్పు. కాంతి అక్కడ ఒంగకపోలేదు. ఆ ఒంపు కంటికి ఆనదు, అంతే.

దీన్ని చెవితోనే పట్టుకోవచ్చు. గోడ చాటు మనిషి మాట వినిపిస్తుంది గానీ కాస్త మొద్దుబారినట్టు, గొంతులో పదును పోయినట్టు ఉంటుంది. స, ష, చ లాంటి హల్లులు సరిగ్గా తెలియవు. ఆ హల్లుల్లోని శబ్దం వేల హెర్ట్జ్‌ల్లో ఉంటుంది, తరంగదైర్ఘ్యం కొన్ని సెంటీమీటర్లే. అది తక్కువగా ఒంగుతుంది. అచ్చుల్లోని లోతైన స్వరం మాత్రం హాయిగా మలుపు తిరిగి వచ్చేస్తుంది. ధ్వనిలోనే ఒక భాగం కాంతి దారి పట్టడం మొదలుపెట్టిందన్న మాట.

న్యూటన్ అభ్యంతరం, పోయిసాన్ వెక్కిరింత

న్యూటన్‌కు ఈ కొలతలు తెలియవు. ధ్వని కొండల చాటు నుంచి కూడా వినిపిస్తుంది, కాంతి మాత్రం పదునైన నీడలు వేస్తుంది కాబట్టి కాంతి కణాల ప్రవాహమే అయి ఉండాలన్నాడు. అదే కాలంలో క్రిస్టియాన్ హైగెన్స్ తరంగ వాదాన్ని ముందుకు తెచ్చాడు. నీడ అంచులు మరీ అంత పదునుగా ఉండవని, వాటి పక్కన సన్నని చారలు కనిపిస్తాయని ఫ్రాన్సెస్కో గ్రిమాల్డి రాసిన పరిశీలనలు 1665లోనే అచ్చయ్యాయి. అయినా న్యూటన్ పేరుకున్న బరువు ముందు తరంగ వాదం వందేళ్ల పాటు తలెత్తలేకపోయింది.

1800 తర్వాత థామస్ యంగ్ ఆ కథ మార్చాడు. సన్నని సూర్యకిరణానికి అడ్డంగా మిల్లీమీటరు కన్నా పలచని అట్టముక్కను అంచు మీద నిలబెట్టి కిరణాన్ని రెండుగా చీల్చాడు. అట్ట నీడలో వెలుగు చారలు, చీకటి చారలు పక్కపక్కనే కనిపించాయి. అట్టకు ఒక పక్క వచ్చే కాంతిని ఆపేస్తే ఆ చారలు మాయమయ్యాయి! రెండు పక్కల నుంచి వచ్చిన అలల శృంగాలు ఒకేచోట కలిస్తే వెలుగు పెరుగుతుంది, ఒకదాని శృంగం మీద ఇంకొకదాని ద్రోణి పడితే రెండూ చెల్లిపోయి చీకటి మిగులుతుంది. దీని పేరు వ్యతికరణం. వెలుగుకు వెలుగు కలిపితే చీకటి రావడం కణాల లెక్కలో కుదరదు.

ఇంతకన్నా రుచికరమైన ఘట్టం 1818లో ఫ్రెంచ్ అకాడమీ పోటీలో జరిగింది. వివర్తనం మీద ఆగస్టిన్ ఫ్రెనెల్ పంపిన తరంగ సిద్ధాంతాన్ని పరిశీలించిన వారిలో సిమియోన్ పోయిసాన్ ఒకడు, ఆయనకు కణాల మీదే నమ్మకం. ఫ్రెనెల్ లెక్కలను ఇంకా ముందుకు లాగి, ఇదే నిజమైతే గుండ్రని బిళ్ల నీడ నట్టనడుమ ఒక వెలుగు చుక్క ఉండాలని తేల్చాడు. అది ఎంత అసంబద్ధమో చూడమన్నాడు. ఫ్రాన్సువా అరాగో ప్రయోగం చేసి చూశాడు. చుక్క ఉంది. బహుమతి ఫ్రెనెల్‌కు దక్కింది, ఆ చుక్కకు మాత్రం పోయిసాన్ పేరే నిలిచింది. ఒక సిద్ధాంతాన్ని ఓడించడానికి వేసిన ఎత్తే దానికి గట్టి సాక్ష్యమవడం సైన్సు చరిత్రలో తరచూ జరిగేది కాదు.

వ్యతికరణాన్ని చూడటానికి ప్రయోగశాల అక్కర్లేదు, పాత సీడీ ఒకటి చాలు. దాని మీది గాడి వరుసల మధ్య దూరం 1.6 మైక్రోమీటర్లు, అంటే కాంతి తరంగదైర్ఘ్యానికి మూడింతల దాకా. పక్కపక్క వరుసల నుంచి తిరిగొచ్చిన కాంతిలో ఒక్కో రంగు ఒక్కో కోణంలో బలపడుతుంది. అందుకే సీడీని వంచినకొద్దీ రంగులు మారుతుంటాయి. డీవీడీలో వరుసల ఎడం 0.74 మైక్రోమీటర్లే. రెండింటినీ ఒకే దీపం కింద పక్కపక్కన పట్టుకుంటే డీవీడీలో రంగులు ఇంకా దూరదూరంగా విడిపోయి కనిపిస్తాయి.

అద్దం, కాగితం, జల్లెడ

పతన కోణం పరావర్తన కోణానికి సమానం అన్న నియమం అందరికీ వచ్చు. కాగితం మీద పడ్డ కాంతి కూడా ఈ నియమం ప్రకారమే తిరిగొస్తుంది, మరి కాగితంలో ముఖం ఎందుకు కనిపించదు? చేతికి నున్నగా తగిలే కాగితం మీద కాంతి తరంగదైర్ఘ్యం కన్నా ఎన్నో రెట్లు పెద్దవైన ఎగుడుదిగుళ్లుంటాయి. ఒక్కో కిరణానికి ఒక్కో వాలు తగులుతుంది, అన్నీ తలో దిక్కుకు చెదిరిపోతాయి. అద్దం మీది గతుకులు తరంగదైర్ఘ్యం కన్నా బాగా చిన్నవి. నునుపు అనే గుణం వస్తువుకు సొంతం కాదు, దాని మీద పడే తరంగాన్ని బట్టి ఉంటుంది.

మైక్రోవేవ్ ఓవెన్ తలుపు దీనికి మంచి ఉదాహరణ. గాజు వెనక చిన్న చిన్న చిల్లులున్న లోహపు రేకు ఉంటుంది. లోపల తిరిగే తరంగాల పౌనఃపున్యం 245 కోట్ల హెర్ట్జ్‌లు, తరంగదైర్ఘ్యం 12 సెంటీమీటర్ల పైచిలుకు. మిల్లీమీటరు చిల్లులున్న రేకు వాటికి అద్దంతో సమానం, తగిలి వెనక్కి పోతాయి. కాంతి తరంగానికి అదే చిల్లు వెయ్యి రెట్లకు మించి వెడల్పైన ద్వారం. అందుకే లోపలిది కనిపిస్తుంది, వేడి చేసే తరంగాలు బయటికి రావు. రేడియో టెలిస్కోపుల పళ్లేలను కొన్నిచోట్ల తీగల వలతో కట్టగలుగుతున్నదీ ఈ లెక్క మీదే.

రేడియో తరంగాలు, మైక్రోవేవ్‌లు, పరారుణ కిరణాలు, కంటికి కనిపించే కాంతి, అతినీలలోహిత కిరణాలు, ఎక్స్ కిరణాలు, గామా కిరణాలు అన్నీ ఒకే జాతి. శూన్యంలో అన్నింటి వేగమూ ఒకటే, తేడా తరంగదైర్ఘ్యంలో ఉంది. 1800లో విలియం హెర్షెల్ పట్టకంతో (మూడు పలకల గాజు దిమ్మతో) విడగొట్టిన సూర్యకాంతి రంగుల్లో థర్మామీటర్లు పెట్టి చూస్తూ, ఎరుపుకు అవతల ఏ వెలుగూ లేని చోట పాదరసం ఇంకా పైకెక్కడం గమనించాడు. కంటికి కనిపించని కాంతి ఉందని తెలిసింది అప్పుడే.

వేగం మారితే దారి మారుతుంది

కాంతి నీటిలో సెకనుకు సుమారు 2,25,000 కిలోమీటర్లు, మామూలు గాజులో 2 లక్షలు, వజ్రంలో 1,24,000 కిలోమీటర్ల వేగంతో పోతుంది. శూన్యంలోని వేగాన్ని ఈ వేగంతో భాగిస్తే వచ్చేది వక్రీభవన గుణకం: నీటికి 1.33, గాజుకు 1.5, వజ్రానికి 2.42. ఒక యానకం నుంచి ఇంకొకదానిలోకి పోయేటప్పుడు కాంతి దారి ఒంగడమే వక్రీభవనం. వేగం తగ్గితే దారి ఎందుకు ఒంగాలి? భుజం భుజం కలిపి వరుసగా కవాతు చేస్తున్నవారు గట్టి నేల నుంచి బురదలోకి ఏటవాలుగా దిగారనుకుందాం. ముందు దిగిన కొస వారి నడక మందగిస్తుంది, గట్టి నేల మీదున్న రెండో కొస అదే జోరుతో వస్తుంది, వరుస మొత్తం ఒక పక్కకు తిరుగుతుంది. తిన్నగా ఎదురుగా దిగితే అందరూ ఒకేసారి మందగిస్తారు, వరుస తిరగదు. కాంతి కూడా లంబంగా పడినప్పుడు ఒంగదు.

కణాల వాదానికి చివరి దెబ్బ తగిలింది ఇక్కడే. న్యూటన్ లెక్కలో నీరు కణాలను తన వైపు లాగుతుంది కాబట్టి నీటిలో కాంతి వేగం పెరగాలి. తరంగ వాదం ప్రకారం తగ్గాలి. 1850లో లియోన్ ఫూకో తిరిగే అద్దంతో పోల్చి చూశాడు, నీటిలోనే కాంతి నెమ్మదిగా పోయింది.

నీటిలోకి వెళ్లిన కాంతిలో మారనిది పౌనఃపున్యం. సరిహద్దు దగ్గరికి సెకనుకు ఎన్ని అలలు వస్తే అన్నే లోపలికి పోవాలి, మధ్యలో అలలు పోగుపడవు. వేగం తగ్గి, పౌనఃపున్యం మారలేదంటే తరంగదైర్ఘ్యం తగ్గాలి. గాలిలో 600 నానోమీటర్లున్న నారింజ కాంతి నీటిలో 450 నానోమీటర్లవుతుంది. గాలిలో 450 అంటే నీలం. మరి నీటిలో మునిగి చూస్తే నారింజ రంగు వస్తువు నీలంగా కనిపించాలి కదా? కనిపించదు. రంగును నిర్ణయించేది పౌనఃపున్యం, అది మారలేదు. పైగా కంటి లోపల కాంతి ఎప్పుడూ ద్రవంలోంచే రెటీనాకు చేరుతుంది.

గాజులో ఊదా రంగు ఎరుపు కన్నా ఇంకాస్త నెమ్మదిగా పోతుంది, అందువల్ల ఎక్కువ ఒంగుతుంది. పట్టకం తెల్లని కాంతిని రంగులుగా విడదీయగలగడానికి కారణం ఇంతే. వాన చినుకుల్లోనూ ఇదే జరిగి, సూర్యుడికి సరిగ్గా ఎదురుదిశ నుంచి సుమారు 42 డిగ్రీల ఎడంలో ఎరుపు, 40 డిగ్రీల దగ్గర ఊదా కనిపిస్తాయి. సూర్యుడు 42 డిగ్రీల కన్నా ఎత్తులో ఉన్నప్పుడు నేల మీద నిలబడినవారికి ఆకాశంలో ఇంద్రధనుస్సు కనిపించకపోవడం ఈ కోణం వల్లనే.

ఆకాశపు నీలం మాత్రం వక్రీభవనం కాదు, మళ్లీ కొలతల సంగతే. గాలి అణువులు కాంతి తరంగదైర్ఘ్యం కన్నా వెయ్యి రెట్లు చిన్నవి. అంత చిన్న వస్తువులు పొట్టి తరంగాలను ఎక్కువగా, పొడుగు తరంగాలను తక్కువగా వెదజల్లుతాయి. భౌతిక శాస్త్రవేత్త లార్డ్ రేలీ లెక్క ప్రకారం తరంగదైర్ఘ్యం సగమైతే ఈ వెదజల్లడం, అంటే పరిక్షేపణం, పదహారు రెట్లవుతుంది. 450 నానోమీటర్ల నీలం 650 నానోమీటర్ల ఎరుపు కన్నా నాలుగు రెట్లకు పైగా చెదురుతుంది. ఊదా ఇంకా ఎక్కువే చెదురుతుంది గానీ సూర్యకాంతిలో దాని వాటా తక్కువ, కంటికి దాని మీద చూపూ తక్కువ. మేఘంలోని నీటి బిందువులు తరంగదైర్ఘ్యం కన్నా ఎన్నో రెట్లు పెద్దవి కాబట్టి అన్ని రంగులనూ ఇంచుమించు ఒకేలా చెదరగొడతాయి, మేఘం తెల్లగా ఉంటుంది.

తరంగ వాదం గెలిచిందనుకున్నాక 1905లో ఆల్బర్ట్ ఐన్‌స్టీన్ ఇంకో మలుపు తెచ్చాడు. లోహాల మీద కాంతి పడి ఎలక్ట్రాన్లు బయటికి రావడం గమనిస్తే, కాంతి శక్తి చిన్న చిన్న పొట్లాలుగా అందుతున్నట్టు తేలింది. ఈ పొట్లమే ఫోటాన్. ఒక్కో ఫోటాన్ శక్తి పౌనఃపున్యాన్ని బట్టి ఉంటుంది, వెలుగు తీవ్రతను బట్టి కాదు. కళ్లు మిరుమిట్లు గొలిపే ఎర్ర దీపం చర్మాన్ని కమిలించలేదు, కంటికే కనిపించని అతినీలలోహితం కమిలించగలదు. ఇది న్యూటన్ కణం తిరిగి రావడం కాదు. ఫోటాన్లను ఒక్కొక్కటిగా రెండు సందుల మీదికి పంపినా, చాలా చేరేసరికి యంగ్ చూసిన లాంటి చారలే తయారవుతాయి.

సూక్ష్మదర్శినికి ఉన్న హద్దు కూడా తరంగదైర్ఘ్యం పెట్టిందే. ఎంత మంచి కటకం వాడినా, కాంతి తరంగదైర్ఘ్యంలో సగం కన్నా దగ్గరగా ఉన్న రెండు చుక్కలు మామూలు సూక్ష్మదర్శినిలో కలిసిపోయి ఒకటిగానే కనిపిస్తాయని 1873లో ఎర్నెస్ట్ అబ్బే చూపాడు. ఆ హద్దు సుమారు 200 నానోమీటర్లు. బ్యాక్టీరియా చాలావరకు దానికి ఇవతల ఉంటుంది, కనిపిస్తుంది. ఫ్లూ వైరస్ 100 నానోమీటర్ల చుట్టూ ఉంటుంది, దాని ఆకారం తేలదు. ఎలక్ట్రాన్లకు కూడా తరంగ గుణం ఉందని 1920లలో తెలిసింది. సూక్ష్మదర్శినుల్లో వాడే వేగాల దగ్గర వాటి తరంగదైర్ఘ్యం కాంతితో పోలిస్తే లక్షో వంతు కూడా ఉండదు. 1931లో ఎర్నెస్ట్ రుస్కా, మాక్స్ నోల్ తొలి ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిని తయారుచేశాక కొన్నేళ్లకు వైరస్‌లు కంటికి దొరికాయి. ఆ చిత్రాలు నలుపు తెలుపుల్లోనే వస్తాయి, ఎందుకంటే వాటిని తీసింది కాంతి కాదు. పుస్తకాల్లో అచ్చయ్యే ఎర్రటి, పచ్చటి వైరస్ బొమ్మల రంగులు తర్వాత వేసినవి.